ఓటిలీ రాయి పడవెక్కిన రోజు

సరంగు అల్బన్‌కి నోరు ఊరుకోదు. నలుగురు మనుషులు చెమటలు కక్కుతూ సమాధిరాయిని పడవలోకి దించుతుంటే, నడుం మీద చేతులేసుకుని చూస్తూ నిలబడ్డాడు.

"అత్తా, మీ అక్కకి టికెట్టు తీశావా మరి?"

"బతికున్నన్నాళ్లూ నాచేతే తీయించింది. ఇప్పుడు మాత్రం తన చెయ్యి సంచిలోకి పోద్దా?" అంది మెర్లిస్.

పడవలో అందరూ నవ్వారు. మెర్లిస్‌కి నవ్వు రాలేదు. గోనెపట్టా చుట్టిన రాయి పక్కనే, ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది.

ఓటిలీ పోయి ఆరేళ్లు. కారియకూ ద్వీపంలో మనిషిని పూడ్చిపెట్టడంతో పని తీరిపోదు. రాయి నిలబెట్టి, ఊరందరికీ భోజనం పెట్టేదాకా పోయినవాళ్లకి స్థిమితం ఉండదు. మెర్లిస్ ఉన్న మేకలు అమ్మేసి, సముద్రానికి అవతల గ్రెనడాలో రాయి చెక్కించి ఊరికి తెస్తోంది. చిక్కల్లా వాళ్లమ్మ పెట్టిపోయిన పట్టింపుతోనే వచ్చింది. రాయి రేవు చేరగానే ఇంటి మనిషి ఒడ్డున నిలబడి, ఎవరొచ్చారని అడగాలి. తెచ్చినవాళ్లు పేరు చెప్పాలి. అప్పుడు రమ్మూ నీళ్లూ నేలమీద పోసి ఇంటికి పిలవాలి. పిలవని రాయి పరాయి రాయి అనేది ఆవిడ. అక్కచెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు కాలేదు, పిల్లల్లేరు. తెచ్చేదీ పిలిచేదీ మెర్లిస్ ఒక్కతే అయితే ఎలా?

సగం దారిలో సముద్రం అడుగున నిప్పుల కొండ ఉంది. అక్కడ అలలు ఎప్పుడూ పెడసరమే.

"రాయి జరిగిందంటే పడవ ఒరిగిపోద్ది. గట్టిగా పట్టుకో అత్తా," అని కేకేశాడు అల్బన్.

మెర్లిస్ రాయిని రెండు చేతులా వాటేసుకుంది. ఓటిలీ ఉన్న రోజుల్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఇప్పుడు ఇంట్లో తిట్టడానికైనా మనిషి లేదు. ఆ మాట ఎవరికైనా చెప్పుకుందామంటే వినేవాళ్లూ లేరు. ఆమెకి ఏడుపొచ్చింది. ఎలాగూ ముఖమంతా ఉప్పునీళ్లే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అలలు కాస్త తగ్గాక అల్బన్‌ని పిలిచింది.

"నన్ను ముందు దింపెయ్యి. ఒడ్డునుంచి నేనడుగుతా, నువ్వు చెప్పు."

"నేను మీ ఇంటోణ్ణి కాదుగా."

"పడవ నీది. తెచ్చింది నువ్వే. రాయి మీదున్న పేర్లు చదువు, చాలు."

రేవులో దిగినవాళ్లందరికీ ఎవరో ఒకరు ఎదురొచ్చారు. బుట్టలు అందుకున్నారు, ఆలస్యమైందని విసుక్కున్నారు. ఒక్కొక్కరే వెళ్లిపోయాక మెర్లిస్ రమ్ము సీసా, నీళ్ల సీసా పట్టుకుని పడవ వైపు తిరిగి నిలబడింది.

"ఎవరొచ్చారు?" అంది.

అల్బన్ గోనెపట్టా తొలగించాడు.

"ఓటిలీ వచ్చింది."

మళ్లీ రాయివైపు వంగి చూసి ఆగిపోయాడు. కింద ఇంకో పేరుంది. పుట్టిన సంవత్సరం ఉంది. దాని పక్కన చోటు ఖాళీగా వదిలేశారు.

"ఇదేంటత్తా?"

"చదవరా. నా వంతు వచ్చేసరికి ఈ ఒడ్డున నిలబడి అడిగేదెవరు?"

అల్బన్ నెత్తిమీద టోపీ తీసేశాడు.

"మెర్లిస్ వచ్చింది," అన్నాడు మెల్లగా.

మెర్లిస్ సీసా వంచి రేవు చెక్కల మీద రమ్ము పోసింది. తర్వాత నీళ్లు పోసింది.

"రండే," అంది. "ఇద్దరూ ఇంటికి రండి."