ఆదివారం డెమో క్లాసు

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు ఆగినప్పుడు సరితకు తన మొహమే ఎదురైంది. మెట్రో కోసం తవ్విన గుంతల పక్కన, కర్రలకు కట్టిన ఫ్లెక్సీ మీద గుమ్మడికాయంత మొహం. మెడ కింద నల్ల కోటు, ఎర్ర టై. అడ్మిషన్ రోజు ఇచ్చిన ఫొటోలోంచి తల ఒక్కటీ కోసి ఎవరి భుజాల మీదనో అతికించారు. కింద పెద్ద అక్షరాలు: "నిన్న ఇంటర్ ఫెయిల్. నేడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మా విద్యార్థిని, మా గర్వకారణం!"

పక్క సీటు ముసలాయన ఫ్లెక్సీని చూసి, ఆమెను చూసి, మళ్ళీ ఫ్లెక్సీని చూశాడు.

"బిడ్డా, గది నువ్వేనా?"

"కాదు తాతా. గామె ఎవరో నాకు ఎర్కలేదు."

గర్వకారణమట. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే అచ్యుతరావుకు తను గర్వకారణమట! తను ఇంటర్ తప్పిన సంగతి ఉప్పల్ నుంచి పోయే ప్రతి బస్సుకూ చాటింపు వేసి మరీ గర్వపడుతున్నాడు. రెండు రోజుల కింద బస్టాపులో కనిపించిన అక్కడి పంతులు బసవరాజుకు తన ఉద్యోగం సంగతి చెప్పినందుకు సరిత తన నోటిని తిట్టుకుంది.

రెండేళ్ళ కిందటిదాకా ఆమె నాచారంలో చొక్కాలు కుట్టే కంపెనీలో పనిచేసేది. కుట్టి వచ్చిన చొక్కాను లైటు కింద తిప్పి చూసి, వంకర కుట్టో ఊడే గుండీనో దొరికితే పక్కన పడేయడం పని. పక్క బల్ల దగ్గర శాంతాబాయి అని, వయసులో పెద్దది. సరితకు ఒంట్లో బాగాలేని రోజు ఆమె వంతు చొక్కాలు కూడా తనే చూసేసి, సూపర్‌వైజర్ అడిగితే దబాయించేది. ఆర్డర్లు తగ్గుతున్నాయి, సగం బల్లలు ఎత్తేస్తారు అన్న మాట పుట్టగానే సరిత తనంతట తాను మానేసి కంప్యూటర్ టెస్టింగ్ కోర్సులో చేరింది. మల్లాపూర్‌లో గేట్లకు వెల్డింగ్ చేసే ఆమె భర్త నరేందర్ "నీకేమన్న పిచ్చా?" అని అడిగి, మర్నాటి నుంచి పొద్దుటి వంట తన మీద వేసుకున్నాడు.

అచ్యుతరావు ఇన్‌స్టిట్యూట్ ఉప్పల్‌లో ఇనుప సామాన్ల దుకాణం పైన ఉండేది. ఆయన అంతకుముందు ప్లాట్లు అమ్మాడు, తర్వాత నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, చివరికి భవిష్యత్తు అమ్మకానికి దిగాడు. ఫిల్టరైతే కనీసం నీళ్ళన్నా ఇచ్చేది. పాఠం చెప్పే బసవరాజు అంతకు ముందేడాది అదే బెంచీల మీద కూర్చున్నవాడే. ఎక్కడా ఉద్యోగం దొరక్క అక్కడే పంతులయ్యాడు. తెర మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి "అర్థమైందా?" అనేవాడు. కాలేదంటే అదే ముక్క ఇంకా గట్టిగా చదివేవాడు.

కోర్సు చివర్లో ఒకరోజు కంపెనీవాళ్ళు పిల్లలను చూడటానికి వస్తున్నారన్నారు. సరిత ఇస్త్రీ చీర కట్టుకుని పోయింది. అచ్యుతరావు ఆమెను గుమ్మం దగ్గరే ఆపాడు.

"నువ్వు లోపలి గదిలో కూర్చోమ్మా. వచ్చేవాళ్ళు ముందు డిగ్రీ అడుగుతారు. నిన్ను చూస్తే మా స్టాండర్డ్ ఇంతేనా అనుకుంటారు."

"డిగ్రీ లేకున్నా నౌకరి చూపిస్తమని అన్నరు గదా సార్?"

"చూపిస్తామన్నాం. ఇప్పిస్తామన్నామా?" అని తన మాటకు తనే మురిసిపోయాడాయన. "ఖాళీగా ఎందుకు, వాళ్ళకు కాస్త టీ పోసి పట్టుకురా."

సరిత పోసింది. పట్టుకుపోయింది కూడా. వచ్చిన ఇద్దరిలో ఒకడు తల ఎత్తకుండానే చక్కెర ఎక్కువైందన్నాడు.

ఆ తర్వాత ఆమె అక్కడికి పాఠం కోసం పోలేదు. బసవరాజు లేనప్పుడు ఖాళీగా ఉండే కంప్యూటర్ల కోసం పోయింది. చేతికి అలవాటయ్యేదాకా వాటి మీద కూర్చుని, తార్నాకలో మందుల షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాం తయారుచేసే ఓ చిన్న కంపెనీలో టైపింగ్ పనికి కుదిరింది. యజమాని రామ్మోహనరావుకు డిగ్రీల పట్టింపు లేదు, షాపులవాళ్ళ తిట్లు తప్పితే చాలు. ప్రోగ్రాం బయటికి పోకముందే దాన్ని చెడగొట్టి చూస్తానని సరిత తనే అడిగింది. మందు పేరు కొట్టాల్సిన చోట అంకెలు కొట్టేది. బిల్లు సగంలో ఉండగా స్విచ్చి తీసేసేది. ఫోన్లలో తిట్లు తగ్గాక రామ్మోహనరావు ఆమెను టైపింగ్ నుంచి టెస్టింగ్‌కు మార్చాడు. అంతే జరిగింది. ఇందులో అచ్యుతరావు చెయ్యి గోరంత లేదు.

ఆదివారం పొద్దున్నే సరిత ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది. పైన డెమో క్లాసు నడుస్తోంది.

"రామ్మా రా, నీకు వందేళ్ళు! ఇప్పుడే నీ గురించి చెబుతున్నా!" అంటూ అచ్యుతరావు ఎదురొచ్చి భుజాల మీద శాలువా కప్పాడు. అంతకుముందు దాన్ని ఎవరెవరికి కప్పాడో, సెంటు వాసన ఇంకా వదల్లేదు.

"నా బొమ్మ తీసెయ్యిండ్రి సార్."

"అది తర్వాత మాట్లాడదాం. ముందు వీళ్ళకు రెండు ముక్కలు చెప్పు. ధైర్యం వస్తుంది." మైకు చేతిలో పెట్టాడు.

హాలు నిండా జనం. ఆటో నడిపేవాళ్ళు, కాలేజీ మధ్యలో వదిలినవాళ్ళు, నాగారం నుంచి, కీసర నుంచి బస్సులు మారి వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అచ్యుతరావును చూసినప్పటి కన్నా వాళ్ళను చూస్తేనే సరితకు ఎక్కువ ఒళ్ళు మండింది. ఇంత తేలిగ్గా ఎట్లా నమ్ముతారు మనుషులు?

"నా పేరు సరిత," అంది. "నాకు ఈ సార్ నౌకరి ఇప్పియ్యలే. కంపెనోళ్ళు వస్తె, నన్ను జూస్తె ఇజ్జత్ వోతదని లోపల గూసోబెట్టి చాయ్ వొయ్యమన్నడు. వోసిన. గా ఫ్లెక్సీల కోటు నాది గాదు. ఈడ పాఠం జెప్పెటాయనకే పాఠం రాదు. మీరందరు ఇండ్లకు వోండ్రి."

బసవరాజు తల దించుకున్నాడు. ఇన్నాళ్ళకు సరితకు కడుపు నిండినట్టయింది. అంతలో వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. ఒకాయన లేచి నిలబడ్డాడు.

"అక్కా, చాయ్ వోసుకుంట గూడ నేర్సుకున్నవంటె మస్తు గ్రేట్! ఎన్ని నెలలకొచ్చింది నౌకరి?"

"నేను జెప్పింది సమజైందా అన్నా? ఈయన ఇప్పియ్యలే అంటున్న."

"సమజైందక్కా. మనమే కష్టపడాలె అంటున్నవ్."

అచ్యుతరావు మైకు అందుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. ఆ ఒక్క విద్యా ఆయనకు నిజంగా వచ్చు. "చూశారా! చిన్న పని, పెద్ద పని అని చూడలేదు. టీ కప్పు నుంచి కంప్యూటర్ దాకా! ఆ వినయం నేర్పింది ఎవరు? మేమే!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సరిత మైకు లాక్కోబోయి ఆగింది. ఏం చెప్పినా దానికీ కొడతారు.

జనం లేచి పేర్లు రాసుకునే బల్ల ముందు వరస కట్టారు. ఆ వరసలో శాంతాబాయి కనిపించింది.

"అక్కా, నువ్వేంది ఈడ?"

"చొక్కాల కంపెనీ మూసిన్రు. బస్సుల వోతుంటె నీ బొమ్మ జూసి వచ్చిన."

"నేను గిప్పుడే మైకుల జెప్పిన గదా, ఇనలేదా?"

"ఇన్న. దొంగోడే. అయితే ఏంది? నువ్వు కంప్యూటర్ యాడ నేర్సుకున్నవ్? ఈడనే గదా!"

అది నిజం. నిజం కాబట్టే సరితకు కోపం నషాళానికి అంటింది.

"నా సంగతి వేరే. నీకు ఇంగ్లీషుల నాలుగక్షరాలు కూడుకోని సదువరాదు. మౌస్ వట్టుకునుడన్న వస్తదా? ఈ వయసుల నిన్ను జూసి ఎవడిస్తడు నౌకరి? ఇజ్జత్ వోతది. పా, ఇంటికి పా."

చెయ్యి పట్టుకుని వరసలోంచి లాగింది. ముందూ వెనకా ఉన్నవాళ్ళు మాటలు ఆపి చూశారు. శాంతాబాయి తొందరపడలేదు. సరిత వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది.

"సార్ నిన్ను గిట్లనే అన్నడని జెప్పినవ్ గదా," అంది. "ఆయన కాడ మంచిగనే నేర్సుకున్నవ్."

మళ్ళీ వరసలో నిలబడింది. ముందున్నాయన జరిగి ఆమెకు చోటిచ్చాడు.

ఆ రాత్రి సరిత నరేందర్‌కు అంతా చెప్పింది. అచ్యుతరావు దొంగ ఏడుపును అనుకరించి చూపిస్తే అతను పడీపడీ నవ్వాడు. శాంతాబాయిని తను ఏమన్నదో మాత్రం చెప్పలేదు.

ఆ బ్యాచ్‌లో ఎవరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. అచ్యుతరావుకు దానివల్ల వచ్చిన నష్టమూ లేదు. తెలంగాణ వచ్చిన ఏడాది ఆయన కంప్యూటర్లు అమ్మేసి, బోర్డు మార్చి, గ్రూప్స్ కోచింగ్ పెట్టాడు. దానికీ జనం మెట్ల కిందిదాకా నిలబడ్డారు.

ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం, ఉప్పల్ సూపర్ మార్కెట్‌లో సరిత సామాన్లు తీసుకుని బిల్లు దగ్గరికి వచ్చేసరికి, మెషీన్ ముందు శాంతాబాయి ఉంది. ఒంటి మీద ఆకుపచ్చ యూనిఫాం. పక్క కౌంటర్‌లో వరస చిన్నదే అయినా సరిత ఆమె ముందే నిలబడింది.

"అక్కా, మంచిగున్నవా?"

శాంతాబాయి తల ఎత్తింది. గుర్తుపట్టనట్టు నటించలేదు. బాగా గుర్తుపట్టింది, తల నుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది కూడా.

"కవర్ కావాల్నా, మేడమ్?"

"గా దినం నేను ఏదో కోపంల..."

"ఎనక మంది ఉన్నరు, మేడమ్."

సరిత కవరు అడగలేదు. పప్పు పొట్లాలు, నూనె ప్యాకెట్లు రెండు చేతులతో గుండెకు హత్తుకుని పక్కకు జరిగింది. వెనకున్నావిడ ముందుకు రాగానే శాంతాబాయి మొహం విప్పారింది. "మీ బిడ్డకు జెరం తగ్గిందా వదినా?" అని నవ్వుతూ అడుగుతూ, ఆవిడ బుట్టలోని సామాన్లు తీసి మెషీన్ ముందు పెట్టసాగింది.