ఆపమన్న పిడికిలి

భద్రమ్మ అసలు పేరు అది కాదు. మాటకు ముందొకటి, వెనకొకటి "భద్రం" అంటుందని మెకానిక్కులు పెట్టిన పేరు. ఆమె కూతురు బురదలో కూరుకుపోయిన బండ్లను జీపుకున్న వించితో, అంటే ఇనుప తాడును చుట్టుకుంటూ లాగే యంత్రంతో, గట్టెక్కిస్తుంది. భర్త పోయాక ఒంటరిగా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, భద్రమ్మ కూడా ఆ జీపెక్కి వెళ్లడం అలవాటు చేసుకుంది.

వెళ్లినా దూరంగానే నిలబడాలి. ఇనుప తాడు తెగితే కొరడాలా కొడుతుంది మరి. కూతురి కట్టడి ఇంకొకటుంది. పిడికిలి పైకెత్తితే ఆపమని అర్థం. ఎత్తింది ఎవరైనా సరే, వించి ఆగాల్సిందే.

ఆ సైగ భద్రమ్మ చేతికి చిక్కింది.

ఆ రోజు ఒక పళ్ల డాక్టరు సరదాపడి కొన్న కొత్త జీపు వాగు ఒడ్డున ఇరుసు దాకా దిగబడింది. కూతురు కొక్కెం తగిలించి, తెగినా ఎగిరిపడకుండా తాడు మీద బరువైన బొంత వేసి లాగడం మొదలుపెట్టింది. ఎక్కడో టక్కుమంది. భద్రమ్మ పిడికిలి లేచింది. చూస్తే చక్రం కింద రాయి. కాసేపటికి తాడు వణికినట్టనిపించి మళ్లీ ఎత్తింది. ఈసారి ఏమీ లేదు. తాడును తడిమి చూడాలంటే వదులు చేయాలి. వదులు చేసినప్పుడల్లా జీపు వెనక్కి జారి ఇంకాస్త దిగబడుతోంది.

"దీనికన్నా పళ్లు పీకడమే నయమమ్మా! పన్ను వెనక్కైతే పోదు," అన్నాడు డాక్టరు.

కూతురు నవ్వలేదు. బురద కాళ్లతోనే తల్లి దగ్గరికొచ్చింది.

"నువ్వు చెయ్యెత్తితే ఆపకుండా ఉండలేనమ్మా. మా అమ్మేలే అని ఒక్కసారి ఊరుకున్నానా, నిజంగా తెగే రోజున కూడా ఊరుకుంటాను."

"ఆ మాటలేంటే! శుభమా అని పని చేసుకుంటూ..."

"ఇంకోసారి ఉత్తినే ఎత్తావంటే రేపట్నుంచి ఇంట్లోనే ఉండు."

"సరేలే తల్లీ. చేతులు కట్టుకునే ఉంటా."

కట్టుకునే నిలబడింది కూడా. జీపు మూరెడు, బారెడు పైకొచ్చింది. అప్పుడు కనబడింది, బొంత అంచు దగ్గర ఒక పోగు నిక్కబొడుచుకుని మెరుస్తూ. తాడు పోగేనా? కూతురున్న వైపుకి అది కనబడదు. ఎత్తితే రేపట్నుంచి ఆ ఇల్లు, ఆ గోడలు, తనొక్కతే. ఎత్తకపోతే? ఆ పైన ఆలోచన సాగలేదు. పిడికిలి లేచిపోయింది.

వించి ఆగింది. తాడు వదులైంది. జీపు జరజరా కిందికి జారింది. కూతురు వంగి, చేతి తొడుగుతో ఆ పోగును లాగి చూపించింది.

"గడ్డిపరకమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

నాలుగో లాగుకి జీపు గట్టెక్కింది. 

మర్నాడు కూతురు ఒక్కతే వెళ్లింది. భద్రమ్మ వంటయ్యాక కూతురికి చేద్దామని ఫోను తీసింది. ఇప్పుడు తాడు బిగించి ఉంటుందేమో, మోగితే చూపు చెదురుతుందేమో అని పెట్టేసింది. కాసేపటికి మళ్లీ తీసింది, మళ్లీ పెట్టేసింది.