సగం బిళ్ళ

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ముక్త్యాల రోడ్డు మీద సిమెంటు లారీ తగిలి మా కుక్క నల్లోడికి కాలు దెబ్బతింది. వానలు పడేసరికి కుంటు తగ్గింది గానీ వాడు తిండి మానేశాడు. కుడితి తొట్టి దగ్గరే పడుండి, ఎన్ని నీళ్ళు తాగినా ఇంకా తాగుతూనే ఉండేవాడు. అమ్మా నేనూ వాణ్ణి ఆటోలో జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరు భవానీప్రసాద్ గారు వాడి నోరు తెరిచి, మొహం పక్కకి తిప్పుకున్నారు.

"నువ్వూ చూడవయ్యా వాసన."

వంగాను. ఉచ్చకంపు. నోట్లోంచి.

"కిడ్నీలు పాడైతే ఇంతే. ఉచ్చలో పోవాల్సిన విషం ఒంట్లోనే ఉండిపోతుంది. కాలికేమన్నా మందు వాడారా?"

లేదన్నాను. అమ్మ కొంగు సర్దుకుంది.

"నా మోకాళ్ళ నొప్పుల బిళ్ళేనండి. నాకొకటి, వాడికి సగం. పెరుగన్నంలో నలిపి పెట్టేదాన్ని. మా ఇద్దరికీ ఒకడే డాక్టరండి, మందుల షాపాయన." నవ్వింది. "ఒక్కరోజు మూలిగితే ఒట్టు, వెధవ!"

ఆయన నవ్వలేదు. "అవి కుక్కలకి పడవమ్మా. మీరెన్నాళ్ళ నుంచి మింగుతున్నారు?"

"వీడు డిగ్రీలో చేరినప్పట్నించీనండి. అది పడందే మిరప చేలో వంగలేను."

"కాళ్ళు వాస్తున్నాయా?"

"పొద్దున్నే మొహం కూడా ఉబ్బుద్దండి. వయసు గదా."

నల్లోడికి సెలైన్ ఎక్కించి, వాణ్ణి అక్కడే ఉంచమన్నారు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచారు.

"వాడి మీద ఆశ పెట్టుకోకు. నేను పశువుల డాక్టర్ని, మనుషుల సంగతి చెప్పకూడదు. అయినా చెబుతున్నా. అమ్మకి రక్తపరీక్ష చేయించు. నందిగామలో ల్యాబుంది, ఇవాళే వెళ్ళు."

"నాకు కుక్క జబ్బేంట్రా? నీ చదువు తగలెయ్య!" బస్సెక్కేదాకా అమ్మ తిడుతూనే ఉంది.

బస్సు కదలగానే నీళ్ళడిగింది. సీసా ఇచ్చాను. గటగటా సగం తాగి మూత పెట్టింది. నేను సీసా సంచిలో పెట్టేలోపే మళ్ళీ చెయ్యి చాపింది.

"ఎండగా ఉందిరా," అంది.

బయట ముసురు పట్టి ఉంది.

కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమె ఊపిరి నా చెంపకి వెచ్చగా తగులుతోంది. అటు తిరిగి ఒక్కసారి వాసన చూస్తే తెలిసిపోతుంది.

నందిగామ వచ్చేదాకా నేను కిటికీ వైపే చూస్తూ, నోటితోనే గాలి పీల్చుకున్నాను.