పేరు మార్చిన కథ

ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ఆవిడని లాయరమ్మగారు అనేవారు. వెనక మాత్రం అడ్డుపుల్ల. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లెవరూ కాదు, సొంత బావగారే. సంస్థలో ఏ పని తలపెట్టినా మరదలు ముందు చట్టం ఏమంటుందో చెప్పేది, తర్వాత తనేమంటుందో చెప్పేది. ఆ రెండూ పూర్తయ్యేసరికి ఆయన ఉత్సాహం సగం చచ్చేది. తన రెండో పేరు చెవిన పడిన రోజున ఆవిడ కోప్పడలేదు. వాలులో నిలబెట్టిన బండికి అడ్డుపుల్ల లేకపోతే ఏమవుతుందో బండినే అడగమంది.

మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిని, పిల్లల్ని చంకనేసుకుని పారిపోయి వచ్చిన ఆడవాళ్లకి నీడనిచ్చే సంస్థ అది. పెట్టింది అక్క. అద్దె గదిలో మొదలుపెట్టి సొంత భవనం దాకా లాక్కొచ్చింది. మోకాళ్లు మొరాయించాక ఆవిడ కుర్చీ దిగితే, రిటైరై ఇంట్లో తోచక గోళ్లు గిల్లుకుంటున్న బావగారు ఎక్కారు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే అడ్డుపుల్లకి పని సులువయ్యేది. నలుగురూ చేస్తున్నది తను చేయకపోతే వెనకబడిపోయానని దిగులుపడే జబ్బు ఒకటే ఆయనకి.

ఆ ఏడు ఏదో సదస్సుకి వెళ్లి, మెళ్లో బ్యాడ్జీతో తిరిగొచ్చారు. బ్యాడ్జీ తీయకుండానే కమిటీని పిలిచారు. కృత్రిమ మేధ లేని సేవాసంస్థ రేపు బతకదట. పక్క ఊళ్లో వృద్ధాశ్రమం వాళ్లు అప్పుడే మొదలుపెట్టేశారట. ఏం మొదలుపెట్టారని అడ్డుపుల్ల అడిగింది. ఏఐ అన్నారాయన. దాంతో ఏం చేస్తున్నారని అడిగింది. వివరాల్లోకి పోతే విషయం పక్కదారి పడుతుందన్నారు.

కొద్దిరోజులకే ఒక సలహాదారు దిగాడు. తెల్ల బూట్లు, బిగుతు చొక్కా, చేతిలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా. నోరు తెరిస్తే "భవిష్యత్తులో" అనకుండా మాట ముగించేవాడు కాదు గనక వంటింట్లో ఆడవాళ్లు అతనికి భవిష్యత్తు అని పేరు పెట్టేశారు. భవిష్యత్తుకి టీ కావాలేమో కనుక్కోమనేవారు. భవిష్యత్తు ఇవాళ కూడా ఆలస్యమే అనుకునేవారు.

అతని ఆలోచన చాలా సాదా. బీరువాల్లో ఉన్న ఆడవాళ్ల ఫైళ్లన్నీ యంత్రానికి తినిపిస్తే, అదే చదువుకుని, దాతలు కళ్లు తుడుచుకునేలా విజయగాథలు రాసి పెడుతుంది. మనుషులు నెలల తరబడి చేసే పని టీ చల్లారేలోగా తెమిలిపోతుంది.

అడ్డుపుల్ల అడిగింది. మనం అందులో పోసింది ఎక్కడికి పోతుంది? అది రాసింది గడప దాటే ముందు ఎవరు చదువుతారు? అసలు ఈ ఆడవాళ్లని ఎవరైనా అడిగారా?

మొదటిదానికి క్లౌడ్ అన్నాడు భవిష్యత్తు. మబ్బుకి తాళం ఎక్కడ వేస్తారు నాయనా అందావిడ. రెండోదానికి, మళ్లీ మనిషే కూర్చుని చదివితే యంత్రం దేనికండీ అని నవ్వాడు. మూడోదానికి బావగారే జవాబిచ్చారు. పేర్లు మారుస్తాం కదా, ఇంక అడగడానికేముంది అన్నారు.

యంత్రం వద్దనలేదు ఆవిడ. ప్రభుత్వం వాళ్లు పంపే అర్థంకాని ఉత్తర్వులున్నాయి, సిబ్బంది వంతుల పట్టీ ఉంది, వాటితో కావలసినంత కుస్తీ పట్టించండి, ఆడవాళ్ల ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దంది. కానీ ఆ ఏడాది కుర్చీల రంగు దగ్గర్నుంచి గేటు ఎత్తు దాకా ఆవిడ కాదనని పని లేదు. ఇదీ ఆ వరసలోదే అనుకున్నారు కమిటీవాళ్లు. మోకాలి ఆపరేషనుకి అక్క ఆస్పత్రిలో ఉంది. చేతులెత్తమంటే అందరి చేతులూ లేచాయి, అడ్డుపుల్లది తప్ప.

విజయగాథల్లో మొదటిది కేకుల అమ్మాయిది.

దవడ వాచిపోయి, కూతురి చెయ్యి పట్టుకుని ఆ గేటు దగ్గరికి వచ్చిన రోజున ఆమెకి నీళ్లు తాగడం కూడా కష్టంగా ఉండేది. కోలుకున్నాక అడ్డుపుల్లే తనకి తెలిసిన ఒక బేకరీలో పనికి పెట్టింది. పిండి కలపడానికి వెళ్లిన పిల్ల చూస్తూ చూస్తూ చక్కెరతో పువ్వులు చేయడం పట్టేసింది. రేకు మీద రేకు అద్దుతుంటే పెళ్లి కేకులవాళ్లు సైతం వచ్చి నిలబడి చూసేవారు. గది అద్దెకి తీసుకుంది. కూతురు స్కూల్లో చేరింది. మొగుడికి వాళ్ల ఆచూకీ తెలియకుండా అడ్డుపుల్ల కోర్టు కాగితాల్లో కూడా సంస్థ చిరునామానే ఇచ్చింది.

యంత్రం ఆ పిల్లకి కొత్త పేరు పెట్టింది, సినిమా హీరోయిన్లకి ఉండేలాంటిది. మిగతా ఆనవాళ్లన్నీ ఫైల్లో ఉన్నవి ఉన్నట్టు రాసింది. బస్టాండు ఎదుట బేకరీ, గాజుపలక వెనక చక్కెర గులాబీలు పూయించే చేతులు, నత్తి ఉన్నా స్కూల్లో పాటలు పాడే కూతురు. బావగారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. భవిష్యత్తు దాన్ని అందరికీ కనిపించేలా నెట్లో పెట్టాడు. జనం హృదయం బొమ్మలు నొక్కారు.

ఆ పిల్ల ఆడపడుచు కూడా చదివింది, మేనకోడలి నత్తి దగ్గర పోల్చుకుంది. ఆవిడ హృదయం నొక్కిందో లేదో తెలియదు గానీ అన్నకి మాత్రం పంపింది.

ఒకరోజు మధ్యాహ్నం అతను నీటుగా తల దువ్వుకుని బేకరీకి వచ్చాడు. పువ్వుల కేకులు చేసే ఆవిడ ఇక్కడేనా అని మర్యాదగా అడిగాడు. తన దుకాణం పేరు ఊళ్లు దాటిందని పొంగిపోయిన యజమాని గాజుపలక వైపు చెయ్యి చూపించాడు. లోపల వంగి రేకులు అద్దుతున్న ఆమెకి గాజులో ముందు చొక్కా కనపడింది, తర్వాత ముఖం. చేతిలోది కింద పెట్టడానికైనా ఆగలేదు. పొయ్యిల గది మీదుగా వెనక వాకిట్లోంచి బయటపడి, స్కూలు దాకా పరిగెత్తి, కూతుర్ని తీసుకుని సంస్థకి వచ్చి పడింది. చేతులకి క్రీము ఇంకా ఆరలేదు.

అప్పుడు బావగారి గదిలో భవిష్యత్తు కూడా ఉన్నాడు. సంగతి చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. అంతా విని బావగారు నీళ్లు నమిలారు. పేరు మార్చాం కదమ్మా అన్నారు.

"పేరు ఆయనకి ముందే తెలుసు కదా సార్" అందామె. గొంతు పెంచలేదు. "తెలియనిదల్లా నేనెక్కడున్నానన్నదే. తెలిసింది మార్చి, తెలియనిది రాశారు."

యంత్రం ఇంకా నేర్చుకుంటోందని, భవిష్యత్తులో ఇలాంటివి తగ్గుతాయని భవిష్యత్తు సర్దిచెప్పబోయాడు. గుమ్మంలో నిలబడ్డ అడ్డుపుల్ల అతని వైపు చూసింది.

"అది నేర్చుకునేదాకా ఈ పిల్లని మీ ఇంట్లో దాస్తావా?"

అతను నీళ్ల సీసా మూత బిగించి లేచాడు.

తల్లీకూతుళ్లని ఆ సాయంత్రమే వేరే ఊళ్లో ఇలాంటి ఇంకో సంస్థకి పంపేశారు. పని పోయింది, గది పోయింది, కూతురి స్కూలు పోయింది. కొండనాలుకకి మందు వేయడానికి వచ్చినవాళ్లు ఉన్న నాలుక ఊడబెరికి, పైగా దాన్ని ఫొటో తీసి నెట్లో పెట్టారని అడ్డుపుల్ల కనపడిన ప్రతివాళ్లతోనూ అంది.

ఇది చాలదన్నట్టు బావగారు ఆ పిల్ల ఫోనుకి క్షమాపణ పంపారు. మీ స్ఫూర్తిదాయక ప్రయాణంలో తలెత్తిన అసౌకర్యానికి మా సంస్థ హృదయపూర్వకంగా చింతిస్తోంది అని మొదలై, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని ముగిసింది. ఆమె దాని గురించి ఏమీ అనకుండా అడ్డుపుల్లకి పంపింది. అడ్డుపుల్ల ఫోను పట్టుకుని తిన్నగా బావగారి గదిలోకి వెళ్లింది.

"బావగారూ, ఏడుపు కూడా దానిచేతే ఏడిపించారా?"

"నాకు మాటలు రాలేదు" అన్నారాయన.

"రాలేదనే రాయాల్సింది. రెండు ముక్కలేగా."

అక్క ఆస్పత్రి నుంచి చేతికర్రతో వచ్చింది. ముందు ఆ కథలన్నీ తీయించింది. భవిష్యత్తుని సాగనంపింది. తను పనిచేసిన గొప్ప సంస్థల్లో దీని పేరు కూడా అతను ఇప్పటికీ చెప్పుకుంటున్నాడని వినికిడి. తర్వాత భోజనాల గదిలో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి, జరిగింది దాచకుండా చెప్పి, మీరేమంటారని అడిగింది. వాళ్లని ఎవరైనా అడగడం ఈ వ్యవహారం మొత్తంలో అదే మొదటిసారి.

ఆ యంత్రాన్ని అటకెక్కించమంది అడ్డుపుల్ల. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అంది అక్క. అప్పుడు వెనక బల్ల మీద కూర్చున్న ఒకావిడ మెల్లగా నోరు విప్పింది. కోర్టు కాగితాలు వస్తే ఒక్క ముక్క అర్థం కాదని, లాయరమ్మగారు విడమరిచి చెప్పినా కాగితమే నయమనిపిస్తుందని, ఆ యంత్రం ఏమైనా మామూలు మాటల్లో చెబుతుందేమో చూడమని అడిగింది. అందరూ నవ్వారు, అడ్డుపుల్ల తప్ప. పేర్లూ ఊళ్లూ గుర్తులూ లేకుండా ఒక నోటీసు నమూనా తెచ్చి దానికిచ్చారు. మామూలు మాటల్లోనే చెప్పింది, ఒప్పుకోవాలి. కానీ వాయిదాకి రాకపోతే వెంటనే అరెస్టు చేస్తారని సొంత కవిత్వం కూడా కలిపింది. అడ్డుపుల్ల ఆ వాక్యం కొట్టేసి, మిగతాది బాగుందని మూతి ముడుచుకుని అంది.

అలా ఒక పద్ధతి కుదిరింది. ఆడవాళ్ల సంగతులేవీ దాని నోట్లో పెట్టకూడదు. అది రాసిందాన్ని ఒక మనిషి పూర్తిగా చదివి, కింద తన పేరు పెట్టాలి, తప్పొస్తే ఆ మనిషిదే. ఎవరైనా తన కథ చెప్పుకోవాలనుకుంటే తనే చెప్పుకుంటుంది, వద్దనుకున్న రోజున వెనక్కి తీసుకుంటుంది. చదివే పని అక్క బావగారికి అప్పజెప్పింది. నాలుగు పేజీలు దాటితే కునికిపాట్లు పడే మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

ఆ రోజు అక్క చెల్లెల్ని ఒంటరిగా పిలిచి ఇంకో మాట కూడా అంది. "గేటుకీ కాదన్నావు, కుర్చీలకీ కాదన్నావు. అన్నిటికీ ఒకే గొంతుతో కాదంటే, ఏది అసలు కాదో వాళ్లకెలా తెలుస్తుందే?" ఆ మాట అడ్డుపుల్లకి కొన్నాళ్లు పంటి కింద రాయిలా ఉండిపోయింది.

మొగుడు దగ్గరికి రాకూడదని ఉత్తర్వు కోసం వేసిన కేసు వాయిదాకి వచ్చింది. అతని తరఫు లాయరు లేచి, నెట్లోంచి ముందే తీసి దాచుకున్న విజయగాథ కాగితాన్ని తీశాడు. చివరి వాక్యం గట్టిగా చదివాడు. "గతాన్ని, భర్తను మనసారా క్షమించిన ఆమె నేడు నిర్భయంగా జీవిస్తోంది." ఆవిడ సంస్థవాళ్లే ఇలా రాశాక ఇంక భయం ఎక్కడుందని అడిగాడు. కేకుల అమ్మాయి తెల్లబోయి చూసింది. ఆ మాట తను కలలో కూడా అనలేదు. ఫైల్లోనూ లేదు. కథకి ముగింపు బాగుంటుందని యంత్రం తగిలించింది.

అడ్డుపుల్ల అనుమతి అడిగి బావగారిని బోనెక్కించింది. ఆయన నిండా ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. అన్నీ నిజమే చెబుతానని ప్రమాణం చేశారు.

"క్షమించానని ఆమె మీతో అందా?"

"లేదు."

"మీ సిబ్బందిలో ఎవరితోనైనా?"

"ఎవరితోనూ అనలేదు."

"మరి ఎవరు రాశారు?"

"యంత్రం."

"బయటికి పంపేముందు మీరు చదివారా?"

ఆయన జడ్జిగారి వైపు ఒకసారి, ఆ పిల్ల వైపు ఒకసారి చూశారు. "చదివాను. చదివి ఏడ్చాను. నిజమో కాదో అని మాత్రం అడగలేదు."

కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తల వంచుకోలేదు. తప్పు తనదేనని, ఆమెది కాదని, ఆ చివరి వాక్యంలో అక్షరం కూడా ఆమె నోటి మాట కాదని అడగకుండానే చెప్పారు. ఇన్నేళ్లలో బావగారు ఒక పని సగంలో ఆపకుండా పూర్తిచేయడం అడ్డుపుల్ల అదే మొదటిసారి చూడటం. ఉత్తర్వు ఆ పిల్లకి అనుకూలంగా వచ్చింది.

వరండాలో బావగారు ఆమెకి ఎదురుపడ్డారు. చేతులు జోడించారు.

"నాకు మాటలు రావడం లేదమ్మా" అన్నారు.

ఆమె నిలబడి విన్నది. పర్వాలేదని అనలేదు. క్షమించానని అసలే అనలేదు. బస్సుకి టైమైందని చెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

అడ్డుపుల్ల సంచీ మోసుకుంటూ వెంట వెళ్లింది. కొత్త ఊళ్లో పని దొరికిందా అని దారిలో అడిగింది. ఒక హాస్టల్లో రొట్టెలు కాలుస్తున్నానని చెప్పిందామె. పువ్వులు వచ్చని ఎవరికీ చెప్పలేదట. ఆ చేతి పని చూస్తే మనిషి తెలిసిపోతుందట. కూతురు కిటికీ పక్కన సీటు పట్టుకుని అమ్మని పిలిచింది. బస్సు కదిలేదాకా అడ్డుపుల్ల అక్కడే నిలబడింది. చెప్పడానికి ఆవిడకి కూడా ఏ మాటా దొరకలేదు.