మెడలో లాకులు

అయ్యా, అమ్మా! పసిదాని మెడకి ఎర్రగా కాల్చిన ఇనుము తగిలిస్తే దాన్ని మన ఊళ్ళలో వైద్యం అంటున్నారు. 1998లో రాజోలు దగ్గర ఓ కాలవ లాకు పక్కన, ఆదివారం పొద్దున్నే అలాంటి వైద్యానికే పొయ్యి రాజేశారు.

వాతలు పెట్టేది లాకు లస్కరు నారాయణమూర్తి. తలుపులెత్తి కాలవ నీళ్ళు వదిలే ఉద్యోగం ఆయనది. మెడలో బిళ్ళ కట్టి వాచిన పిల్లల్ని అందరూ ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఈసారి బిళ్ళలు సొంత మనవరాలు అనితకే వచ్చేయి, మెడ వెనకాల, బఠాణీ గింజల్లా.

వాత మంట అనిత తల్లికి, ఆయన కోడలు కృష్ణవేణికి తెలుసు. చిన్నప్పటి మచ్చ చెవి కింద ఇంకా ఉంది. అందుకే శనివారం సంతకని చెప్పి, పిల్లని రాజోలులో డాక్టర్ ఇస్సాకు గారికి చూపించింది. ఆయన దవడ కింద, చెవుల వెనకాల, మెడంతా తడిమి, చివరికి జుట్టు పాయ తీసేరు.

"బిళ్ళ చూశావు, తల చూశావా అమ్మా?"

తల నిండా పేలు. గోకి గోకి చీము పట్టిన పుళ్ళు.

"పన్ను పుచ్చితే దవడ కింద, తలలో పుండైతే మెడ వెనక బిళ్ళ కడుతుంది. రోగం లోపలికి పోకుండా అక్కడ అడ్డుకుంటుంది. ఈ మందు తలకి రాయి, పుండు మానితే బిళ్ళ తగ్గుతుంది. తగ్గకపోయినా, పెరిగినా వెంటనే తీసుకురా. వేరే పరీక్షలుంటాయి."

ఆదివారం చువ్వ ఎర్రబడింది. కృష్ణవేణి పిల్లని కరుచుకుని గుమ్మంలో నిలబడింది. నిన్న డాక్టరు గారు మందిచ్చేరని, వాత వద్దని అంది.

"జరగమ్మా! మందు రాస్తే బిళ్ళ కరుగుద్దా?"

"ఒక్కమాట మావయ్యగారండీ. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి మన లాకు దగ్గర పేరుకుంటే ఏం చేస్తారండీ?"

"లాగి పారేస్తాను. పైన ఎక్కడ పెరుగుతోందో చూసి పీకిస్తాను."

"లాకు తలుపులు తగలబెట్టరు గదండీ?"

"పిచ్చా నీకు? లాకేం చేసింది, చెత్తనాపింది..."



"దీని మెడలోవీ లాకులేనండీ. చెత్త పైనుందండీ," అంటూ ఆమె పిల్ల జుట్టు పాయ తీసి చూపించింది.

ముసలాయన పుళ్ళు చూసేడు. కోడలి చెవి కింద మచ్చా చూసేడు. చువ్వ పట్టుకెళ్ళి కాలవలో ముంచేడు. చుయ్యిమంది.

నెల తిరిగేసరికి అనిత తల మానింది. బిళ్ళలు చేతికి తగలకుండా పోయాయి. అప్పుడే తాటిపాక నుంచి ఓ కుటుంబం ఏడుస్తున్న పిల్లాడితో వాతకొచ్చింది. నారాయణమూర్తి లాకు మీద నిలబడి, గట్టు మీదున్న వాళ్ళందరికీ వినబడేలా అరిచేడు:

"వాతలు మానేశానండీ! ఇన్నాళ్ళూ తప్పు చేసేను. డాక్టరు దగ్గరికి పదండి, మా కోడలు తోడొస్తుంది. మెడలో బిళ్ళ కడితే లాకుని కాల్చకండి, చెత్త ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించుకోండి!"