మగ్గముమీఁది ల్యాప్‌టాప్

ఆషాఢమాసమునం దొకనాఁటి ప్రాతఃకాలమున మేఘమాలికాచ్ఛాదితుఁడైన భాస్కరుఁ డప్పుడప్పుడు మాత్రమే తొంగిచూచుచుండఁగా ధర్మవరపు వీథులయందుఁ బ్రతిగృహమునుండియు వెడలు మగ్గముల నిరంతరధ్వని వానచినుకుల సవ్వడితోఁ గలసి శ్రవణానందకర మగుచుండెను. వానిలో నొక్క మగ్గము మాత్రము మూగవోయి యుండెను. అది పట్టుచీరల నేఁతయందు నేర్పరియుఁ దొందరపాటునం దంతకంటె నేర్పరియు నగు చౌడప్పది.

అతని యక్క చెన్నమ్మ తొలుత గళ్లకాగితములపైనను బిదప నొక ల్యాప్‌టాప్‌నందును జిత్రించిన నలువదియొక్క చీరయంచుల నమూనాలు ఆ యంత్రగర్భస్థమైన హార్డ్‌డిస్కునందే నిక్షిప్తములై యుండెను. కాగితములను జెదలు తినెను. చెన్నమ్మకుఁ జూపు పోయెను. మరల వానిని గీయఁగలవారు లేరు. అట్టి యంత్ర మా యుదయమునఁ దెఱచుకొనక లోపల టిక్కుటిక్కుమని మూలుగఁజొచ్చెను. చౌడప్ప మీట నొక్కెను. మరల నొక్కెను. పదునొకండు మాఱులు నొక్కి విసిగి దానిని దువ్వాలులోఁ జుట్టుకొని యక్క చేయి పట్టుకొని కంప్యూటర్లు బాగుచేయు ఖాజాబీ యంగడికిఁ బరుగుదీసెను.

ఖాజాబీ యంత్రమునకుఁ జెవి యొగ్గి వినెను.

"దీన్ని యాడ పెట్టుకోని వాడతాంటివన్నా?"

"మగ్గం మీదేమ్మా. అంచు చూసుకుంటా నేయల్ల గదా. పొద్దున పదకొండుసార్లు నొక్కినా, లేయల్యా."

"నువ్వు నేసే ప్రతి దెబ్బకూ లోపల తిరిగే పళ్లెం అదురుతాంది. ఇన్నేండ్లు బతికిందే గొప్ప. పోగు తెగితే మగ్గం ఆపుతావు గదా, ఇది అరుస్తాంటే పదకొండుసార్లు నొక్కేదేంది?"



ఆమె మరలు విప్పి డిస్కు తగులుకొనుచోటఁ బట్టిన దుమ్మును దుడిచి మరల బిగించి చూచెను. మూలుగు మానలేదు. లోపము డిస్కుదే యని నిశ్చయించుకొని దానిని వెలికిఁదీసి తన కంప్యూటరునకుఁ దీఁగతోఁ గలిపెను.

"పరీక్షలన్నీ తర్వాత. ఊపిరుండంగానే లోపలుండేది బయటికి తీద్దాం."

ఒక్కొక్క యంచే యావలికిఁ జేరుచుండఁగాఁ జౌడప్ప తెరవంక ఱెప్పవేయక చూచుచుండెను. నలువదవది చేరిన పిదప డిస్కు కీచుమని యఱచి శాశ్వతముగ మౌనము వహించెను.

"నలభై వచ్చినాయన్నా. హంసల అంచొకటి పోయింది."

చౌడప్ప కన్నుల నీరు గ్రమ్మెను. అతఁడు చేతులు జోడించి "తల్లీ, మా యక్క పని నిలబెట్టినావు. సచ్చినా మర్సిపోను" అనెను.

ప్రక్కనే కూర్చుండిన చెన్నమ్మ చిఱునవ్వు నవ్వి తాను గట్టియున్న వెలిసిన పాతచీర చెంగు నొడిలోనికిఁ దీసికొని యంచుపై వ్రేళ్లు నడపెను.

"ఏడ్సద్దురా. హంసలు నా ఒంటిమీదనే ఉండాయి. నువ్వే గదా నేసిచ్చింది. ఖాజమ్మా, పోగులు నేను లెక్కపెడతా, నువ్వు గీయమ్మా."

మధ్యాహ్నమునకు నలువదియొకటవ యంచును దెరపై నిలిచెను. పోవునపుడు చెన్నమ్మ యా మృతడిస్కును జేతికిఁ దీసికొని "ఇన్ని దెబ్బలు తిని నలభై దాకా మోసింది, పాపం" అని చెంగున ముడివేసికొనెను.

నాఁటినుండి క్రొత్తడిస్కు గల యా ల్యాప్‌టాప్ గోడయలమరలో నున్నది. దాని దరిఁ బాతడిస్కును గలదు. చౌడప్ప యెప్పుడు నమూనా చూడవలసివచ్చినను మొట్టమొదట మగ్గము నాపును. పిదప లేచి వెళ్లి తెర దెఱచుటకు ముందు పాతడిస్కు నొకసారి చేతితోఁ దాఁకి కన్నుల కద్దుకొనును.