అన్నీ ఎడమ చేతులే

చేతి తొడుగులు కుట్టే ఆ రేకుల షెడ్డులో తోలు కోసే బల్ల కోడలిది, కుట్టుమిషన్లలో ఒకటి అత్తది. మేస్త్రీ కన్ను మాత్రం ఆ బల్లమీదే. ఎలాగైనా దాన్ని తన బామ్మర్దికి కట్టబెట్టాలి. బామ్మర్దికి కత్తెర పట్టుకోవడం రాదనుకోండి, అది వేరే సంగతి.

ఓ పొద్దున అరచేతి ఆకారంలో ఓ అట్ట తెచ్చి కోడలి ముందు పడేశాడు మేస్త్రీ.

"ప్రతి ముక్కా దీనికి అచ్చు గుద్దినట్టుండాలి. నున్నటి వైపు పైకి పెట్టి కొయ్యి. మీదేసి చూస్తా. వెంట్రుకవాసి తేడా వచ్చినా బల్ల ఖాళీ చెయ్యాల్సిందే."

"సగం ముక్కలకి అట్ట తిరగెయ్యాలి కదండీ..."

"తిరగెయ్యడాలు గిరగెయ్యడాలు నా దగ్గర కుదరవు. చెప్పింది చెయ్యి!"

అది ఎడమ చేతి అట్ట. పక్కకి జరిపినా, గుండ్రంగా తిప్పినా ఎడమే. బోర్లా తిరగేస్తేనే కుడి వస్తుంది. ఇది కోడలికి తెలుసు. తెలిసీ, ఒళ్లుమండి, చెప్పింది చెప్పినట్టే చేసింది. మేస్త్రీ ఒక్కో ముక్కమీదా అట్ట వేసి చూసి "ఇప్పుడు దారికొచ్చావ్" అని మురిసిపోయాడు.

తొడుగుకి అరచేతి వైపే తోలు, వెనక ఎటేసినా ఒకటే అయిన గుడ్డ. రెంటినీ లోపలి వైపు పైకి పెట్టి కుట్టి, ఆఖర్న తిరగేస్తారు. కుట్టేటప్పుడు అది ఏ చేతిదో అత్త పట్టించుకోదు. తీరా జతలు కట్టబోతే కుప్పలో కుడిది ఒక్కటీ లేదు!

మేస్త్రీ అరుపుకి రేకులు అదిరాయి. "మూటలు మోసేవాళ్లు తొడుగులకి వచ్చే వేళయింది! వాళ్లకేమన్నా రెండూ ఎడమ చేతులేనా? లే, బల్ల దగ్గర్నుంచి లే!"

"మీ అట్టతోనే కదండీ కోసింది?"

"మళ్లీ ఎదురొకటా!"

బల్ల నిజంగానే పోయేట్టుంది.

"నీ పంతం పాడుగాను!" అంది అత్త. "నోటితో పోట్లాడాలి గానీ కత్తెరతో పోట్లాడతారటే?"

మిషను కింద తొడుగు ఒకటి ఇంకా తిరగెయ్యకుండా ఉంది. వేళ్లు బయటికి నెడదామని కోడలు కుడి చెయ్యి దూర్చింది. బొటనవేలు సరిగ్గా దాని చోట్లోకి వెళ్లి కూర్చుంది.

"అత్తయ్యా! సగం మళ్లీ తిరగేసెయ్! అవే కుడివి!"

"ఛీ, పేగులు బయటికొచ్చినట్టున్నాయి" అన్నాడు మేస్త్రీ, తిరగేసినవాటి కుట్లు చూసి.

ఇంతలో మూటలవాళ్లు రానే వచ్చారు. ఒకాయన జత తొడుక్కుని మూట పట్టి చూశాడు. "ఈ కుడిది భలేగా ఉందే! వేళ్లకి కుట్టు ఒరుసుకోవట్లేదు, పట్టు జారట్లేదు. ఎడమదెందుకిలా ఏడ్చింది?" అంటూ దాన్నీ ఊడబీకి తిరగేశాడు. అది చూసి మిగతావాళ్లూ తిరగేశారు.

ఇప్పుడు అందరికీ రెండేసి కుడివే!

మేస్త్రీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మరి ఎడమవో?"

"కుడివి కోసి, కుట్టాక తిరగెయ్యకుండా వదిలేస్తే అవే ఎడమవి. మీ బామ్మర్దిని కొయ్యమనండి" అంది కోడలు.

బల్లకోసం అక్కడే కాచుకున్న బామ్మర్ది అప్పుడే గుమ్మం దాటేశాడు.

"కానివ్వు మేస్త్రీ, లారీ ఆగదు!" అని కేకేశాడు మూటలాయన.

"కొయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు మేస్త్రీ.

కోడలు కత్తెర ముట్టుకోలేదు. "బల్ల ఎవరిదండీ?"

"నీదే."

"గట్టిగా చెప్పండి. మిషన్ల చప్పుడులో వినపడట్లేదు."

అత్త మిషను ఆపేసింది. ఆమెను చూసి మిగతా మిషన్లవాళ్లూ ఆపేశారు.